మూడు దారుల మన్ను

కన్యకమ్మ దిష్టి తీసిందంటే ఎంత మొండి ఏడుపు ఏడ్చే బిడ్డైనా నిద్రపోవలసిందేనని ఆదోనిలో ఆ వీధంతా ఒప్పుకుంటుంది. జొన్నల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అత్త దగ్గర నేర్చిన విద్య అది. ఉప్పు, ఎండుమిరపకాయలు, మూడు దారులు కలిసేచోట పిడికెడు మన్ను. బిడ్డకు మూడుసార్లు దిగదుడిచి, ఆ మన్ను చిటికెడు నుదుట, రవ్వంత నాలుకపైన. అంతే!

అట్లాంటామె సొంత మనవరాలు, రెండేళ్ల హర్షిణి, చిక్కిపోతుంటే ఊరుకుంటుందా? బిడ్డ సరిగా తినదు, కడుపునొప్పని ఏడుస్తుంది, ముఖం పాలిపోయింది. "నరుడి కంటికి నల్లరాయే పగులుతాది, పసిబిడ్డెంత!" అంటూ శుక్రవారాలు మాత్రమే తీసే దిష్టిని రోజూ తీసింది. బిడ్డ ఎంత చిక్కితే అంత మన్ను. ఆ మూడు దారుల మూలనే పాత బ్యాటరీలు విప్పి సీసం కరగబెట్టే కొట్టుంది. పత్తి లారీలు రోజంతా అక్కడి దుమ్మునే రేపుతాయి. చూస్తూనే ఉంది గానీ, పాపం, మన్ను కూడా విషమవుతుందని ఎవరనుకుంటారు!

కర్నూలు ఆసుపత్రిలో నెత్తురు పరీక్ష చేయించిన డాక్టర్ శ్వేత, "రక్తంలో సీసం ఎక్కువుంది. పాప మట్టి తింటుందా?" అని అడిగింది.

"లేదు మేడం. కిందికే దింపము," అన్నది కోడలు పావని.

కన్యకమ్మకు మూడు దారుల మన్ను గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెలియకపోతే బిడ్డ గతేమిటి? "నేనే తినిపించినానమ్మా," అని సంగతంతా చెప్పేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"చెప్పి మంచి పని చేసినావు అవ్వా," అంది డాక్టర్. "ఆ మన్ను మానండి. ఇల్లు ఊడ్చి దుమ్ము లేపకుండా తడిబట్టతో తుడవండి. తినేముందు చేతులు కడగండి. సీసం మెల్లగా దిగుతుంది. నెలకు మళ్లీ పరీక్ష చేద్దాం."

బస్సులో పావని బిడ్డను ఒళ్లో పెట్టుకుని వేరే సీట్లో కూర్చుంది. ఇంటికొచ్చాక కన్యకమ్మ బిడ్డను తాకలేదు. తన చేయే విషమనుకుంది. హర్షిణేమో అవ్వ కలిపిన ముద్ద తప్ప మింగే రకం కాదు. రెండు రోజులు తల్లి పెట్టిందల్లా ఉమ్మేసింది.

మూడోనాడు పావని గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది.

"నాకు భయమమ్మా. ఈ చేత్తోనే గదా..."

"ఆ చేత్తోనే గదా కాన్పునాడు నన్ను సాకింది!" అంది పావని. "కోపమొచ్చింది అత్తా, లేదనను. నువ్వు దాచింటే బిడ్డ ఏమయ్యేదో! లెయ్, సబ్బుతో కడుక్కొని రా. అన్నం సల్లారిపోతాంది."

కన్యకమ్మ రెండుసార్లు కడుక్కొచ్చింది. హర్షిణి అప్పటికే నోరు తెరుచుకుని కూర్చుంది.