మోకాలి కింద దిండు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో దేవక్కను ఎరగనివాళ్లు లేరు. ఒకరి ఒంట్లో నొప్పి ఉందంటే ఆమెకు ముద్ద దిగదు. పిల్లల కాలికి ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో తీసేదీ ఆమే, తీస్తూ పిల్లలకంటే ముందు ఏడ్చేదీ ఆమే. "ఏడ్వద్దులే అవ్వా, వచ్చేసింది కదా" అని పిల్లలే ఓదార్చిన రోజులున్నాయి. భర్త పోయాక గుంట మగ్గంలో ఒంటరిగా కూర్చుని నేసి కొడుకు శివకుమార్‌ను పెంచింది. కోడలు మహాదేవి వచ్చాక ఆ గుంట ఆమెకు అప్పజెప్పి, తాను ఎదురుగా రాట్నం వేసుకుని కండెలకు నూలు చుట్టే పనికి కూర్చుంది.

ఆ కోడలి మోకాలే దెబ్బతింది. ఆదోని నుంచి వస్తూ బస్సు పూర్తిగా ఆగకముందే దిగబోయింది. పాదం గుంతలో ఇరుక్కుంది, ఒళ్లేమో ఇంకోవైపు తిరిగింది. మోకాట్లో లిగమెంటు తెగిందన్నారు. కర్నూలులో ఆపరేషన్ అయింది, కుట్లు మానాయి, వాపు తగ్గింది. ఇక మిగిలింది కసరత్తే.

ఆదోనిలో ఆ కసరత్తు నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి సునీత మొదటిరోజే దాపరికం లేకుండా చెప్పింది. కాలు పూర్తిగా సాగాలి. సాగకపోతే జన్మంతా కుంటడమే. మగ్గం గుంటలోకి దిగాలన్నా ఎక్కాలన్నా ఒకరి చెయ్యి పట్టుకోవాల్సిందే.

"ఇంకో మాట. పండుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టద్దు. మడమ కింద టవలు మడిచి పెట్టు. మోకాలు దానంతట అదే కిందికి దిగాల."

ఇంటికొచ్చి మహాదేవి అలాగే చేసింది. మడమ టవలు మీద, మోకాలు గాల్లో. కాసేపటికే పళ్లు బిగబట్టింది. ఎదురుగా దేవక్క రాట్నం ఆగిపోయింది.

"ఇదేం వైద్యం మే! కాలికి ఆసరా ల్యాకుండా యాలాడదీసినారు."

"నువ్వు ఇటు సూడద్దత్తా."

"సూడకుండా యాడికి పోవాల? ఉండేది ఒక్క రూము."

మధ్యాహ్నం నొప్పితో అలిసి కోడలు కునుకు తీయగానే దేవక్క పిల్లిలా వచ్చి, టవలు లాగేసి, మోకాలి కింద మెత్తటి దూది దిండు దూర్చింది. నిద్రలోనే మహాదేవి నుదుటి ముడతలు విడిపోయాయి. ఆ మొహం చూశాక దేవక్కకు ప్రాణం కుదుటపడింది. 'సదువుకున్న పిల్ల, పుస్తకంలో ఉండేది సెప్పింది. దానికేమన్నా మోకాలు తెగిందా?' అనుకుంది. అప్పటి నుంచి రోజూ అదే పని. లేచాక మహాదేవి దిండు చూసేది, కానీ తీసేది కాదు. హాయిగా ఉండేది మరి.

మళ్లీ అత్తాకోడళ్లు ఆదోనికి వెళ్లినప్పుడు సునీత మహాదేవిని బల్ల మీద పడుకోబెట్టి మోకాలి కింద చెయ్యి పెట్టి చూసింది. పిడికిలి సులువుగా దూరింది.

"పోయినసారికన్నా ఎక్కువ బిగిసింది. దిండు ఎవరు పెడ్తాండేది?"

దేవక్క గోడమీది ఎముకల బొమ్మ వైపు తిరిగి శ్రద్ధగా చూడసాగింది.

"నేనే మేడం," అంది మహాదేవి. "తట్టుకోలేక పెట్టుకుంటి."

"నీ కాలు నీకే అక్కర లేదా? వంగి ఉంటే హాయిగానే ఉంటాది, అట్లే బిగుసుకుపోతాది. ఇట్లే ఉంటే మళ్లీ మత్తిచ్చి సాపాల్సి వస్తాది!"

తిట్లన్నీ కోడలు తలవంచుకుని విన్నది. దేవక్క చెవులు కాలిపోయాయి.

తిరుగు బస్సు ఊరు దాటింది. దేవక్క మెల్లగా అడిగింది: "అబద్ధం ఎందుకు సెప్పినావే?"

"నిన్ను తిట్టింటే ఈ పాటికి ఏడుస్తాంటివి. నిన్ను ఊరడించనా, కసరత్తు సేయనా?"

దేవక్క కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ అంది: "హాయిగా ఉంటే కాలికి మంచిదనుకుంటి."

"నేనూ అట్లే అనుకుంటి. అందుకే తీయలేదు."

మర్నాడు పొద్దున దేవక్క రాట్నాన్ని గోడవైపు తిప్పి వేసుకుంది. చూడకుంటే చాలనుకుంది. కానీ వెనక నుంచి మూలుగు వినిపిస్తూనే ఉంది. చివరికి లేచి వచ్చి చాప పక్కన కూలబడింది.

"ఎట్ల సేయమనె ఆ పిల్ల?"

"మోకాలి కింద గుడ్డ పెట్టుకోని, దాన్ని నేలకు అదమాలంట. అదిమి బిగబట్టాలంట. అయినాక గుడ్డ తీసేయాల."

"గుడ్డకేం తెలుస్తాది నువ్వు అదిమినావో లేదో," అని దేవక్క తన అరచెయ్యి దూర్చింది. "ఊఁ, కానీ."

మహాదేవి తొడ బిగించి అదిమింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదా అదమడం? దోమ గూడ సావదు." దేవక్క కళ్లలోనూ నీళ్లే, కానీ చెయ్యి తీయలేదు. "ఇంగా."

రోజూ పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ అదే తంతు. ఒక సాయంత్రం ఆదోని జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన శివకుమార్ గడపలోనే ఆగిపోయాడు.

"ఎవురికిమా నొప్పి, ఇద్దరిట్లో?"

"నీకెందుకురా, పోయి టీ పెట్టుపో," అంది తల్లి, చెయ్యి అక్కడే ఉంచి.

పిడికిలి పట్టిన సందు వేళ్లు పట్టేంత అయింది. తర్వాత అరచెయ్యి దూర్చడానికే తిప్పలు పడాల్సి వచ్చింది. ఒక పొద్దున మహాదేవి ఊపిరి బిగబట్టి అదిమింది. మోకాటి చిప్ప పైకి జరిగింది, పిక్క చాపకు అంటుకుంది, కాలు కర్రలా తిన్నగా పరుచుకుంది. దేవక్క చెయ్యి లాగబోయింది. రాలేదు.

"వదులు మే, నా యేళ్లు!"

"ఉండత్తా. పది లెక్కపెట్టమన్నాది మేడం."

"అట్లయితే బిరబిరా పెట్టు."

"బిరబిరా పెడ్తే లెక్కలోకి రాదంట."

దేవక్క పెదవి కొరుక్కుంటూ రెండో చేత్తో కోడలి మోకాలిని పైనుంచి ఇంకా గట్టిగా అదిమింది. "ఒకటి," అని తనే మొదలుపెట్టింది.