జురాంగ్ వెస్ట్‌లో మంచుబండి

మా ఆయనకు హాబీ లేదన్న సంగతి సింగపూరు వెళ్ళేదాకా మా ఇద్దరికీ తెలియదు. బయోడేటాలో మాత్రం ఉండేవి: పుస్తకాలు చదవడం, స్టాంపులు సేకరించడం, పాటలు వినడం. ఆ రోజుల్లో ప్రతివాడి బయోడేటాలోనూ అవే మూడు ఉండేవి, ఒకరిది చూసి ఒకరు టైపు చేయించుకునేవారు గనక. పెళ్ళయ్యాక మా ఆయన చదివిన పుస్తకాలన్నీ కోబాల్ అనే కంప్యూటర్ భాష మీదవే. స్టాంపు విషయానికొస్తే, మా అమ్మకు రాసిన ఉత్తరం మీద అది అంటించడం కూడా నా పనే.

అవి వై టూ కే రోజులు. కంప్యూటర్లన్నీ ఒక్క అర్ధరాత్రి ఆగిపోతాయని ప్రపంచం భయపడుతుంటే, ఆ భయం మీద బతకడానికి మా వాళ్ళు విమానాలెక్కారు. అమీర్‌పేటలో నాలుగు నెలల కోర్సు చేసినవాడు కూడా పాయా లేబర్ అనే పేటలోని ఆఫీసులో టై కట్టుకుని, ఫోన్‌లో ఇంగ్లీషును నమిలి నమిలి మాట్లాడేవాడు. వాళ్ళ భార్యలం మేము. ఆదివారం ఒకరింట్లో కలిసి, ఎవరి ఫ్లాటుకు ఎన్ని ఏసీలున్నాయో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళం. నేను వాళ్ళకంటే గొప్పదాన్నని అనుకునేదాన్ని, ఎందుకంటే నేను ఎం.ఏ. చదివాను. ఆ ఎం.ఏ.తో అక్కడ నేను చేసిందల్లా ఇంటి పనే. మా ఆయన ఉద్యోగపు పాసుకు తోకలాగా వచ్చిన పాసు నాది, దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళ మేనేజరు, కెనడా ఆయన, నీ హాబీ ఏమిటని మా ఆయనను అడిగాడట. స్టాంపులన్నాడట ఈయన. ఏ దేశానివని అడిగాడట ఆయన. అంతే, దొరికిపోయాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "మనకి ఏదో ఒకటి ఉండాలే, వీళ్ళు మనిషిని దాన్నిబట్టే లెక్కేస్తారు" అన్నాడు. మా వాళ్ళలో ఒకడు గిటారు కొన్నాడు, మరొకడు మబ్బులు తప్ప మరేమీ కనపడని ఆకాశానికి టెలిస్కోపు కొన్నాడు. మా ఆయన వాళ్ళందరినీ మించిపోయాడు.

ఆ కెనడా ఆయన ఊరు వదిలి వెళ్ళేటప్పుడు, వాళ్ళ నాన్నది ఒక పాత స్నోమొబైల్ వదిలించుకోవాల్సి వచ్చింది. మంచు మీద నడిచే బండి అది. ముందు చక్రాలకు బదులు రెండు ఇనుప పలకలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో మోటారు సైకిలు సీటు లాంటి సీటు. ఆ మనిషి దాన్ని సామాన్లతో పాటు ఓడలో సింగపూరు తెచ్చుకుని, బాగు చేయిస్తానని ఏళ్ళ తరబడి గోడౌన్‌లో పడేశాడు. ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్ళో మంచుబండి! తెచ్చినవాడికి బుద్ధి లేదనుకుంటే, అడిగి మరీ తీసుకున్నవాడికి ఏముందనుకోవాలి?

"వింటేజ్" అన్నాడు మా ఆయన. ఆ మాట అతనికి వారం క్రితమే తెలిసింది.

మేముండేది జురాంగ్ వెస్ట్‌లో, నాలుగో అంతస్తు. మా బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తులకూ ఆగదు. లారీలో తెచ్చినవాళ్ళు బండిని కార్ పార్కులోనే ముక్కలుగా విప్పి పోయారు. కానీ ఇంజను, అడుగు చట్రం ఎవరు మోస్తారు? మా ఆయన ఎత్తిన అతి పెద్ద బరువు లాప్‌టాప్. కింద కాఫీ షాపులో ఇద్దరు ముగ్గురు మనుషులు తెలుగులో మాట్లాడుకుంటుంటే వెళ్ళి అడిగాడు. ఓడలు కట్టే యార్డులో పనిచేసే వాళ్ళు. అందులో ఒకతను వెల్డరు, శ్రీకాకుళం వైపు మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి. మిగతావాళ్ళు మోసి వెళ్ళిపోయారు. అతను మాత్రం మా హాల్లో పరిచిన పాత దుప్పటి మీద ఆ ముక్కలన్నీ చూస్తూ నిలబడిపోయాడు.

"ఇదేటి బండక్కా? సక్రాలు నేవు" అన్నాడు నాతో.

అక్కా! నాకంటే వయసులో పెద్దవాడే అయ్యుంటాడు. లుంగీ, చేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు, ఆ యాస. నాకు ఒళ్ళు మండింది. నన్ను అక్కా అన్నాక మా ఆయన సహజంగానే బావ అయిపోయాడు. ఆ బావగారికి మాత్రం అది తెగ నచ్చింది. అతన్ని తమ్ముడూ అని పిలవడం మొదలుపెట్టాడు. నేను మాత్రం చివరిదాకా "ఏమయ్యా" అనే పిలిచాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. మొదటి వారమే మా ఆయన జేబులోంచి పర్సు తీస్తే, "ఒగ్గీండి బావా, సుట్టాల దగ్గర తీసుకుంతామేటి" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అన్నం మాత్రం తినేవాడు. పప్పూ గోంగూరా వేస్తే తల ఎత్తకుండా తిని, తన కంచం తానే కడిగి బోర్లించేవాడు. ఆ కంచాన్ని అతను వెళ్ళాక నేను మళ్ళీ కడిగేదాన్ని. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం సిగ్గనిపించలేదు, శుభ్రత అనిపించింది.

బండిని బాగుచేసింది ఎవరని ఎవరైనా అడిగితే మా ఆయన తనే అనేవాడు. నిజానికి మా ఆయన చేసింది చదవడం. ఆఫీసులో ఇంటర్నెట్టు నుంచి పేజీలకు పేజీలు ప్రింటు తీసుకొచ్చి, స్టూలు మీద కూర్చుని పైకి చదివేవాడు. వెల్డరు కింద కూర్చుని ఆ చదువు వింటున్నట్టు తల ఊపుతూ, తన పని తాను చేసుకుపోయేవాడు. పట్టేసిన పిస్టన్‌ను కిరసనాయిల్లో నానబెట్టి, రెండు వారాలు ఓపికపట్టి, చెక్కముక్క ఆనించి నెమ్మదిగా తట్టి ఊడదీశాడు. కార్బురేటరు సన్న రంధ్రాలను చీపురు పుల్లతో శుభ్రం చేశాడు. ఆకురాయితో అంచుల గరుకులు తీసి, పగిలిన చట్రానికి రేకుముక్క వేసి రివెట్లు కొట్టాడు. నా హాలు మెకానిక్ షెడ్డయింది. పోపు పెడితే ఆవాల వాసన కాదు, కిరసనాయిలు వాసన వచ్చేది. నేను తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఇద్దరినీ నోటికొచ్చినట్టు వెక్కిరించేదాన్ని. ఆ వెక్కిరింతే నా హాబీ.

ఒకసారి అడిగాను, వారానికి ఒక్క సెలవుంటే ఈ పనికిమాలిన బండి దగ్గర కూర్చుంటావెందుకయ్యా అని.

"యార్డులో నాను అతికినది ఓడై ఎల్లిపోద్దక్కా. ఎటెల్తాదో తెల్దు. ఇదైతే ఎదురుగ్గా ఉంతాది, తిరిగినప్పుడు సూడొచ్చు" అన్నాడు.

ఇంకోమాట కూడా చెప్పాడు ఆ రోజు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరులో ఉన్న వర్క్ పర్మిట్ కార్డు తీసి చూపించాడు. అది తన కంపెనీలో పనికే చెల్లుతుంది, బయట ఎక్కడ పని చేసినట్టు తేలినా ఇంటికి పంపేస్తారు. పై తరగతి వెల్డరు పరీక్షకు ఫోర్‌మన్ అతని పేరు రాశాడట, అది గట్టెక్కితే ఇంకో నాలుగేళ్ళు ఢోకా లేదట. "ఈ కార్డు పోతే నాను పోయినట్టే. మీ ఇంటికైతే బయం నేదు, ఇది పని కాదు గదా" అన్నాడు. ఊఁ కొట్టి, కుక్కర్ విజిలు వస్తుంటే లోపలికి వెళ్ళాను.

నాలుగు నెలలకు బండి తయారైంది. స్టార్టు చేసే ముందు పూజ చెయ్యాలన్నాడు మా ఆయన. చేస్తే కొత్త బండికి చేస్తారు గానీ మంచుబండికి ఎవరైనా చేస్తారా అంటే, "వాహనం వాహనమే కదే" అన్నాడు. సరే, ఆదివారం పొద్దున్నే దాన్ని కారిడార్లోకి ఈడ్చి, హెడ్‌లైటుకు పసుపు రాసి బొట్టుపెట్టాను. హారతిచ్చాను. ఇక నిమ్మకాయల దగ్గర చిక్కొచ్చింది. చక్రాల కింద పెట్టి తొక్కించాలి. చక్రాలేవి? ముందు పలకల కింద పెట్టి తోస్తే, నిమ్మకాయలు నలక్కుండా దొర్లుకుంటూ వెళ్ళి పక్క ఫ్లాటు చీనా ఆంటీ గుమ్మం దగ్గర ఆగాయి. ఆవిడ వాటినీ నన్నూ మార్చి మార్చి చూసి లోపలికి వెళ్ళిపోయింది. చివరికి వెల్డరే రెండు పలకలూ ఒక్కొక్కటే పైకెత్తి, కాయ మీద దించి, తన బరువంతా వేసి నలిపాడు.

పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలో అతనికి తెలుసు, పాత స్కూటర్లకు కలిపినంతే. మా ఆయన వినలేదు. కెనడా గ్యాలన్లను లీటర్లలోకి మార్చడానికి ఎక్సెల్ షీటు తయారుచేశాడు. "ఇంత ఎక్కువేటి బావా" అని అతను గొణిగితే, షీటు చూపించాడు. వెనక భాగాన్ని ఇటుకల మీదకెత్తి తాడు లాగారు. పదిసార్లు లాగాక ఇంజను దగ్గి, ఒక్కసారిగా అరిచింది. ఆ అరుపు వెనకే పొగ. నీలంగా, చిక్కగా, కారిడార్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిండిపోయింది. దోమల మందు కొడుతున్నారనుకుని జనం కిటికీలు ధడధడా మూసుకున్నారు. వెదురు గెడల మీద బట్టలు లోపలికి పోయాయి. "వాట్ ఈజ్ దిస్ లా! ఫైర్ ఆ?" అని చీనా ఆంటీ లోపల్నుంచి అరవడం విన్నాను. మా ఆయన మాత్రం గంతులేస్తున్నాడు. వెల్డరు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా, తిరుగుతున్న పట్టా వైపు చూస్తూ నవ్వుతున్నాడు. అలాంటి నవ్వు నేను మా వాళ్ళలో ఎవరి ముఖంలోనూ చూడలేదు. అసూయపడ్డాను కూడా.

పావుగంటకల్లా ఇద్దరు పోలీసులు వచ్చారు, ఒకతను చీనా, ఒకతను తమిళుడు. అప్పటికి ఇంజను ఆపేశాం. మా ఆయన పెట్రోలు డబ్బా చేతబట్టుకుని, దాన్ని దాచడానికి లోపలికి పరిగెత్తాడు. గుమ్మంలో నేనూ, నల్లటి చేతులతో వెల్డరూ మిగిలాం.

"నువ్వు లోపలికెల్లక్కా, నాను సెప్తాను" అన్నాడు వెల్డరు.

తమిళ పోలీసుకు ఆ ఒక్క మాట అర్థమైంది. వాళ్ళ భాషలోనూ అక్క అక్కే. మెత్తగా నవ్వి నన్ను అడిగాడు: "యువర్ బ్రదర్ ఆ?"

ఇప్పుడు ఆలోచిస్తే, అతను అడగలేదు, దారి చూపించాడు. యెస్ అంటే సరిపోయేది. తమ్ముడు అక్క ఇంటికి ఆదివారం వచ్చి పాత బండి తిప్పితే ఎవరేమంటారు? కానీ నాకు అప్పుడు వినపడింది వేరు. ఆ లుంగీకీ, ఆ యాసకీ, ఆ మచ్చల చేతులకీ నేను తోబుట్టువులా కనిపించానా? ఎం.ఏ. చదివిన నేను! పక్క ఫ్లాటు తలుపు సందులోంచి ఆంటీ చూస్తోంది కూడా.

"నో, నో," అన్నాను. "హీ ఈజ్ అవర్ వర్కర్."

ఆ ఇంగ్లీషు ముక్క వెల్డరుకు అర్థమైంది. నా వైపు చూశాడు. కోపం లేదు, తెల్లబోయాడంతే. చీనా పోలీసు చెయ్యి చాపి కార్డు అడిగాడు. అతను నల్లటి వేళ్ళను లుంగీకి తుడుచుకుని, జేబులోంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. మా ఆయన బయటికొచ్చేసరికి పోలీసు ఏదో రాసుకోవడం కూడా అయిపోయింది.

పై ఆదివారం అతను రాలేదు. మా ఆయన యార్డు పనివాళ్ళుండే డార్మిటరీకి వెళ్ళి వచ్చి, కుర్చీలో కూలబడ్డాడు. అతను దొరకలేదు, స్నేహితులు చెప్పారు: విచారణ జరిగిందట. డబ్బు తీసుకోలేదని, తెలిసినవాళ్ళింట్లో సరదాగా చేశానని అతను చెప్పాడట. ఆ ఇంటావిడే పనివాడని చెప్పిందని పోలీసు రాసుకున్న కాగితంలో ఎదురుగా ఉంటే ఎవరు నమ్ముతారు? ఆ కాగితం సంగతి స్నేహితులకు తెలియదు, కనక మా ఆయనకూ తెలియదు. పర్మిట్ రద్దయిందని, రెండు రోజుల్లో పంపేస్తున్నారని మాత్రం చెప్పారట. "ఆ వెధవ పొగ... నా లెక్క తప్పడం వల్లేనే" అని మా ఆయన తల బాదుకున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

వెళ్ళే రోజు అతను ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. మా ఆయన ఆఫీసులో ఉన్నాడు, నేనే ఎత్తాను.

"బావ నేడా? సరే, సెప్పండి, ఆయిల్ సగానికి సగం తగ్గించమని. లేపోతే ప్లగ్గు పోద్ది" అన్నాడు. క్షమించమని అడగాల్సింది, నేను క్యాలెండరు అంచు మీద ఆయిల్ సగం అని రాసుకున్నాను. "మీరేటి తప్పు సెయ్యనేదు. మీ మనసులో ఉన్నది మీరు సెప్పినారు. నాకే తెలవనేదు. నాను సుట్టాన్ననుకున్నానక్కా" అన్నాడు.

అప్పుడు కూడా అక్కా అనే అన్నాడు.

"ఆయన వచ్చాక చెప్తాలే" అని ఫోను పెట్టేశాను. ఆయిల్ సంగతి చెప్పాను. ఆ మిగతాది ఇంతవరకూ చెప్పలేదు. తన ఎక్సెల్ షీటు వల్లే ఒక మనిషి బతుకు పోయిందని మా ఆయన ఇప్పటికీ అనుకుంటున్నాడు. నేను అనుకోనిస్తున్నాను.