నేను తిన్న ఖర్జూరాలు

గోదావరిఖనిలో క్వార్టర్లు అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. నేను గనిలో టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లర్ని. ఒకనాడు షిఫ్టు ముగించి పైకి ఎక్కి వస్తుంటే సగం దారిలో గుండె దడదడలాడింది, కళ్లు బైర్లు కమ్మాయి. నిండా పాతికేళ్లు లేనివాణ్ణి ముసలివాడిలా గోడ పట్టుకుని కూలబడ్డాను. వెనకాల వస్తున్నవాళ్లు "కొత్త పెండ్లికొడుకు అలిసిండు" అని నవ్వుకుంటూ పోయారు.

బజార్లో మందులిచ్చే కంపౌండర్ నా కనురెప్ప లాగి చూసి, "రక్తం తక్కువున్నది" అని టానిక్ సీసా చేతిలో పెట్టాడు. పరీక్షా లేదు, పాడూ లేదు. మా అవ్వ ఆ టానిక్‌ను కూడా నమ్మలేదు.

"రక్తం పట్టాలంటే ఖర్జూరపండును మించింది లేదు బిడ్డా. ఫికర్ చెయ్యకు" అంది.

నీరసానికి, నడుం నొప్పికి, మలబద్ధకానికి, అన్నిటికీ అదే మందని వాడకట్టంతా వంత పాడింది. ఉచిత సలహాకు మా దగ్గర ఎప్పుడూ కరువు లేదు. ఎండు ఖర్జూరాలు రాత్రి పాలలో నానబెట్టి, పొద్దున గింజ తీసి నాకు పెట్టేది నా భార్య లచ్చవ్వ. అప్పటికామె కడుపుతో ఉంది. నువ్వూ రెండు తినమంటే వినేది కాదు.

"నాకేమైంది? బొగ్గుల పనిచేసెటోనివి నువ్వు. నువ్వు తిను" అనేది. గిన్నెలో మిగిలిన పాలు కూడా నాకే పోసేది.

అన్ని తిన్నా నేను ఇంకా పాలిపోయాను. చివరికి డ్యూటీలో పడిపోతే పెద్ద దవాఖానలో చేర్చారు. అక్కడి డాక్టర్ స్టూల్ టెస్ట్ చేయించి, "గనిలో బూట్లు వేసుకుంటావా?" అని అడిగాడు.

వేసుకునేవాణ్ణి కాదు. ఇచ్చిన బూట్లను తుడిచి గూట్లో దాచి, పెండ్లిళ్లకూ అత్తగారింటికీ తొడుక్కుపోయేవాళ్లం. గనిలో మాత్రం నీళ్లలో వట్టి కాళ్లే. పైకి ఎక్కి దిగితే పని ఆగుతుందని దొడ్డికి కూడా లోపలే ఏదో మూలకు వెళ్లేవాళ్లం. ఆ బురదే తొక్కేవాళ్లం. వేళ్ల సందుల్లో దురద పుడితే గని దురదేలే అనుకున్నాం.

"హుక్‌వార్మ్ పురుగులు. పాదాల్లోంచి దూరి పేగుల్లో చేరాయి. నువ్వు తింటున్నావు, అవి నీ రక్తం తాగుతున్నాయి" అన్నాడు డాక్టర్.

నెలల తరబడి పురుగులను మేపానన్నమాట.

మంచం పక్కన నిలబడ్డ లచ్చవ్వ కనురెప్పను కూడా ఆయన లాగి చూశాడు. నొసలు చిట్లించాడు. "ఈమెను ఎవరూ చూడలేదా? హిమోగ్లోబిన్ నీకన్నా తక్కువుండేట్టుంది."

ఇద్దరికీ ఐరన్ మాత్రలిచ్చారు. పురుగుల మందుకు నాకు వాంతులయ్యాయి కానీ పని చేసింది. ఆమెకే సమయం చాలలేదు. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. రక్తం ఆగలేదు. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి, "నాది తీయుండ్రి సారూ" అన్నాను.

"నీ ఒంట్లో ఉంటే కదయ్యా ఇవ్వడానికి" అన్నాడాయన. ఆ సాయంత్రమే లచ్చవ్వ పోయింది.

కర్మకు వచ్చిన చుట్టాలు నాకు రక్తం పట్టాలని ఖర్జూరాలే తెచ్చారు. వాటిని ఇంటి ముందు విసిరికొట్టాను. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు బూట్లు లేకుండా గనిలోకి దిగను. పిల్ల బడికి పోతోంది. దానికి ఖర్జూరాలు కొంటాను, మంచి తిండే కదా. నాకు మాత్రం గొంతు దిగవు.

మీ ఇంట్లో ఎవరికైనా రక్తం తగ్గితే టానిక్ కన్నా ముందు పరీక్ష చేయించండి. అలాగే, గిన్నె తెచ్చి మీ చేతికిచ్చే మనిషి కనురెప్పను కూడా ఒకసారి లాగి చూడండి.