కుక్కర్ విజిల్ లేని సింఫనీ

నేను వాయించిన చోట వయొలిన్ పొడవాటి స్వరం వణకలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఆదివారం సాయంత్రం, కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్. ఆఫీసులు, పిల్లలు, ట్రాఫిక్ పోగా మిగిలిన కాస్త సమయంలో వాయించుకునే మా బృందమంతా కలిసి, మేము రికార్డు చేసిన పాశ్చాత్య సింఫనీని మొదటిసారి వింటున్నాం. యుద్ధకాలంలో, శత్రువులు చుట్టుముట్టిన ఊళ్లో, తిండిలేక నిలబడలేని వాళ్లు వాయించారట దాన్ని. అన్నం తినిపిస్తూ ఆ కథ నా కూతుళ్లిద్దరికీ చాలాసార్లు చెప్పాను. "ఆకలేస్తుంటే ఎలా వాయించారమ్మా?" అని పెద్దది ప్రతిసారీ అడిగేది. మర్నాడు తన క్లాసులో "మా అమ్మ వయొలిన్" అని ఈ రికార్డింగ్ వినిపిస్తానని టీచర్‌కి చెప్పేసింది కూడా.

అందరం ఒకచోట చేరడం కుదరక, ఎవరింట్లో వాళ్లం ఇయర్‌ఫోన్లలో తాళం వింటూ వాయించి ఫైళ్లు పంపాం. బట్టలు చప్పుడును పీల్చుకుంటాయని నేను చీరల కబోర్డు తలుపులు తెరిచి, దానికి ఎదురుగా కూర్చున్నాను. అయినా పక్కింటి కుక్కర్ విజిల్ పడనే పడింది. ఆ ఫైలు పెట్టుకుని విజిల్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని, రాగానే పిల్లలు పడీపడీ నవ్వేవారు.

నేను నేర్చుకున్నది కర్ణాటక సంగీతం. పొడుగు స్వరం పట్టుకుంటే నా వేలు దానంతటదే స్వరాన్ని వణికిస్తూ గమకం వేస్తుంది. ఎంత సాధన చేసినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. నన్ను ఈ బృందంలోకి లాక్కొచ్చింది నేను అక్కా అని పిలిచే పొరుగావిడ; దాన్ని నడిపేది కూడా ఆమే. నా మొదటి ఫైలు విని, "ఆ వణుకు ఉండనియ్ మా. భయపడ్డోళ్ల పాట గదా, మంచిగున్నది" అంది. ఆ మాట పట్టుకుని నెలల తరబడి మురిసిపోయాను.

క్లబ్‌హౌస్‌లో రికార్డింగ్ అయిపోయాక, చప్పట్ల మధ్య చిన్నది నా చెవిలో అంది: "అమ్మా, విజిల్ రాలేదు."

విజిల్‌ని తీసేయొచ్చు. నా వేలిని ఎలా తీసేశారు?

మెట్ల దగ్గర అక్కను ఆపాను. "అక్కా, అక్కడ వాయించింది నేనేనా?"

"ఏంది మా, గింత దానికి పరేషాన్ అయితవ్? నీ ట్రాక్ బంద్ చేసి సాఫ్ట్‌వేర్ వయొలిన్ పెట్టినం. సాఫ్‌గ వచ్చింది గదా. స్క్రీన్ మీద నీ పేరున్నది, చూడలే?"

"ఎప్పుడు తీసేశారు?"

"నువ్వు మొదటి ఫైలు పంపిన వారమే."

ఆ తర్వాత కూడా రెండుసార్లు మళ్లీ వాయించి పంపమంది. చిన్నదానికి జ్వరం కాస్తుంటే, దాన్ని పక్కింటావిడ ఒళ్లో పెట్టి వాయించాను.

"మరి మళ్లీ ఎందుకు వాయించమన్నారు?"

"నీది తీసేసినమంటే నువ్వు ఫీల్ అయితవని, మా!" అని నవ్వి, భుజం తట్టి, ఫొటో కోసం లోపలికి పిలిచింది.

పొద్దున బూట్లు తొడుక్కుంటూ పెద్దది అడిగింది. "టీచర్‌కి పంపావా?"

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "నిన్న మనం విన్నదాంట్లో అమ్మ లేదు. పేరు ఉంచి, నేను వాయించింది తీసేశారు. నాకు చెప్పలేదు. అందుకే మన కబోర్డు దగ్గర నేను వాయించిన ఫైలే టీచర్‌కి పంపాను. విజిల్ వస్తుంది, క్లాసులో నవ్వితే నవ్వనీ."

"ఆంటీ మీద కోపమా అమ్మా?" అంది చిన్నది.

"ఏమో తల్లీ. ఇక ఆంటీ బాగుందంటే మాత్రం నమ్మను."