ఎదుటి పార్టీవారి అమ్మాయి

ఆ రోజుల్లో నాకూ నా నల్లకోటుకూ ఎడబాటు ఉండేది కాదు. జగదల్‌పూర్‌లో కుక్కలు కూడా నీడ వదలని ఎండలో, నేను కోటు తొడుక్కుని కూరగాయలకు వెళ్ళేవాణ్ణి. (బెండకాయలమ్మే ఆవిడ ఒక్కసారైనా "వకీల్ సాబ్" అంటుందని ఆశ. ఆమె చివరిదాకా "భయ్యా" అనే అన్నది.) నేను జూనియర్‌గా చేరింది మా మేడమ్ దగ్గర. వాళ్ళ నాన్నగారు గనుల్లో ఉద్యోగానికి ఆంధ్రా నుంచి బచేలీ వచ్చారు, ఆవిడ ఆ టౌన్‌షిప్‌లోనే పెరిగారు. నన్ను తీసుకున్నది నా తెలివి చూసి కాదని మొదటిరోజే తేల్చేశారు: "నీ మార్కులు చూశానులే. నీకు దొర్లీ వచ్చు, అందుకే రమ్మన్నాను." మాది కొంటాలో కిరాణా కొట్టు. కొట్టుకొచ్చే దొర్ల గిరిజనుల బేరాల మధ్య పెరిగాను. ఏ బడీ నేర్పని ఆ భాషే చివరికి నాకు కూడు పెట్టింది.

భోపాలపట్నం నుంచి ఒక అవ్వ మేడమ్ దగ్గరికి వచ్చేది. దొర్లీ తప్ప ఇంకో భాష రాదు. ఎవరో సేటు గోదాం కడుతూ కడుతూ ఆవిడ పెరట్లోకి జరిగి, ఆవిడ ఇప్పచెట్టును కూడా తనవైపు కలుపుకొని గోడ లేపేశాడట. ఆ చెట్టు పూలే అవ్వకు ఏడాది ఆధారం. ఆ మనిషి పేరేమిటంటే "చింతపండు సేటు" అని మూతి తిప్పేది తప్ప అసలు పేరు పలికేది కాదు. నోటీసు ఇంకా పంపలేదు. అవ్వ చెప్పింది నేను తెలుగు చేసి మేడమ్‌కి చెప్పాలి, మేడమ్ అడిగింది దొర్లీలో అవ్వకు చెప్పాలి. ఆ మాటల్లో అవ్వ తన కొడుకు గురించి ఒక సంగతి కూడా చెప్పుకుంది. మేడమ్ నా వైపు తిరిగి, "ఈ గదిలో విన్నది గడప దాటిందో, నీ కోటు నేనే విప్పిస్తాను" అన్నారు. (ఆ సంగతేమిటని మీరూ అడక్కండి. చదివేవాళ్ళు మంచివాళ్ళే, కానీ గడప గడపే.)

ఇంతలో మా అమ్మ ఫోన్లో ఒక అమ్మాయి ఫోటో పంపింది. ఫోటో చూశాక నేను ఇంకే వివరాలూ అడగలేదు. (కాగితం పూర్తిగా చదవకుండా సంతకం పెట్టొద్దని అందరికీ చెప్పే వృత్తి మాది!) పెళ్ళిచూపులు భోపాలపట్నంలో. వాళ్ళ వాకిట్లో కోటుతో సహా కూర్చుని తలెత్తి చూద్దును కదా, కొత్త గోడ. గోడకు ఇవతల ఇప్పచెట్టు. పక్క గోదాంలోంచి గుప్పుమని చింతపండు వాసన. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మాయి అరిసెల పళ్ళెం పెట్టి ఒక్కసారి చూసి వెళ్ళింది. ఫోటో తక్కువే చెప్పింది!

"బాబూ, మీ మేడం కాడికి మా ఊరి ముసల్ది ఒకతి వస్తున్నదంట గద? ఏం చెప్తున్నది?" అన్నాడు కాబోయే మామ. నేను అరిసె మొత్తం నోట్లో కుక్కుకున్నాను. అది గొంతు దిగేసరికి, "కొడుకు ముచ్చట ఏమన్న తీసిందా?" అన్నాడు. ఇంకో అరిసె. "అన్నదా, అనలేదా? తలన్న ఊపు." తల ఊపినా చెప్పినట్టే కదా! మెడ బిగబట్టుకుని మరోటి అందుకున్నాను. మా అమ్మ తొడ గిల్లింది. "ఏందిరా, మూగోని లెక్క కూసున్నవ్? తినుడేనా?"

కాసేపు మాట్లాడుకోండని పెద్దలు మమ్మల్ని వెనక అరుగు మీదికి పంపారు. "మీకు మాటలొస్తాయా?" అంది అమ్మాయి. "వస్తయి. ఆ గోడ గురించి మాత్రం రావు" అన్నాను. ఆమె గొంతు తగ్గించి, "నాకూ ఆ గోడ నచ్చలే. అసలు నాన్న ఏం చేసిండంటే..." అని మొదలుపెట్టింది. నేను రెండు చెవులూ మూసుకుని "వద్దండీ, అటు మాట ఇటు వద్దు, ఇటు మాట అటు వద్దు" అని మొత్తుకున్నాను. ఆమె నవ్వాపుకుంటూ, "మరి ఏం మాట్లాడుదాం?" అంది. "మీకు ఈత వచ్చా?" అన్నాను. ఎందుకడిగానో ఈ రోజుకీ తెలియదు.

జగదల్‌పూర్‌లో బస్సు దిగి నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. "అమ్మాయి నచ్చిందా?" అన్నారు. "నచ్చింది మేడమ్." "అయితే ఈ కేసులో ఇక నువ్వు లేవు. ఆ సంగతి అవ్వకు నీ నోటితోనే చెప్పు." చెప్పాను. అప్పుడు పట్టిన చెమటలకు కోటు కారణం కాదు. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల మంచిది. నువ్వూ మంచోనివే. గని ఇంక బయట కూసో" అంది. (దొర్లీలో అన్నదానికి ఇది నా తెలుగు. ఆ కేసులో నేను చేసిన ఆఖరి అనువాదం ఇదే.)

"మరి దొర్లీ ఎవరు చెప్తరు మేడమ్? ఇంకొకణ్ణి తీసుకురానా?" అన్నాను. "ఆవిడ ఇంటి గుట్టు ఇంకెంతమంది చెవుల్లో వెయ్యమంటావు? నేనే నేర్చుకుంటాను" అన్నారు. జడ్జీలు కూడా గౌరవంగా పలకరించే మనిషి, జుట్టు నెరిశాక అవ్వ ముందు ఓనమాలకు కూర్చున్నారు. అవ్వ వచ్చినప్పుడల్లా నేను వరండా బెంచీ మీద, ఒక్క మాటైనా వినబడకూడదని చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పాటల్ని దాటుకుని అవ్వ నవ్వు మాత్రం వినిపించేది. పాపం, మేడమ్ ఒకటి అడగబోయి ఇంకేదో అడిగి ఉంటారు. అయినా వదల్లేదు. ఎండాకాలం పోయి వానలు పట్టేసరికి పాటల్ని దాటి ఇద్దరి నవ్వులూ వినిపించడం మొదలైంది. చదువంటే అదీ, వకీలంటే ఆవిడా అని నాకు అప్పుడు తెలిసింది.

కేసు అవ్వ గెలిచింది, గోడ కూలింది. దాంతోపాటే నా పెళ్ళీ కూలిందని మా అమ్మ ఒకటే ఏడుపు. నేను పైకి ఏడవలేదు గానీ ఆ వారం కోటు వేసుకోబుద్ధి కాలేదు. అప్పుడు భోపాలపట్నం నుంచి కబురొచ్చింది. చింతపండు సేటు ఇంట్లో అన్నాడట: "గోడ పోతే పోయింది. పళ్ళెమెడు అరిసెలు తిన్నడు గని ఒక్క ముక్క కక్కలే ఆ పిలగాడు. నా బిడ్డ ముచ్చట్లు గూడ ఇట్లనే కడుపుల పెట్టుకుంటడు. ఇస్త." మా ఆవిడ మాత్రం వాళ్ళ నాన్నతో నెలంతా పోట్లాడింది తనేనంటుంది. ఆ విషయం మామ నాతో ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు నాకూ ఒక ఆఫీసుంది, పొట్ట కూడా ఉంది. అన్నం దగ్గర మా ఆవిడ ఏదైనా కేసు సంగతి అడిగి, నేను గబుక్కున ముద్ద నోట్లో పెట్టుకోగానే, "అర్థమైంది, తిను" అంటుంది. మేడమ్ లేరు, అవ్వా లేదు. ఆ వానల్లో ఒకరోజు ఇద్దరూ తలుపు తీసుకుని బయటికొచ్చి, బెంచీ మీద నన్నూ నా కోటునూ చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నా గురించే ఏదో అనుకుని ఉంటారు. మేడమ్ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు మా వరండాలో కొత్త జూనియర్ మండుటెండలో కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చుంటే నాకూ నవ్వాగదు. "ఏమైంది సార్?" అంటాడు. ఏమీ లేదంటాను.