కిడ్నీలను కడిగే నీళ్ళు

అన్నకు డయాలసిస్ మొదలైన వారం నుంచే ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందు కొబ్బరి బోండాలు పోగుపడసాగాయి. జబ్బుపడిన మనిషిని చూడడానికి మా దగ్గర ఎవరూ వట్టి చేతులతో రారు. సాగర్ రోడ్డు పక్కన బండి ఆపి నాలుగు బోండాలు కట్టించుకుంటేనే వాళ్ళకు వచ్చినట్టు.

దవాఖానలో డాక్టరు వదినకు విడమరిచి చెప్పాడు. కిడ్నీలు బాగున్నవాడికి కొబ్బరినీళ్ళు మంచివే. పాడైనవాడికి మాత్రం వాటిలోని పొటాషియం బయటికి పోయే దారి ఉండదు. అది రక్తంలోనే నిలిచి గుండెను ఆపేస్తుంది. ఏడో తరగతి దాకా చదివిన వదిన ఆ మాటను ఇంట్లో అందరికంటే బాగా పట్టుకుంది. అరటిపండు లేదు, బత్తాయి లేదు, నీళ్ళు రోజు మొత్తానికి ఒక చిన్న సీసా. వచ్చిన బోండాలను ఇరుగుపొరుగుకు, పక్కన ఇల్లు కడుతున్న కూలీలకు ఇచ్చేసేది. చూడడానికి వచ్చినవాళ్ళు అదీ చూశారు.

"మొగడు నాలుక పిడసగట్టి సస్తుంటే, ఈమె ఊరంత పంచుతున్నది సూడు," అని ఒకామె గడపలోనే అంది, వదినకు వినపడేటట్టు.

కొన్ని నెలలకు మహేశ్వరం నుంచి వచ్చిన మా చిన్నాయన అనడంతో ఆగే మనిషి కాదు. సంచిలో ఆరు బోండాలు, జేబులో మడిచిన పేపరు ముక్క తెచ్చాడు. ఆ ముక్క విప్పి వదిన ముందు పెట్టాడు.

"సదువు బిడ్డా. పేపర్ల ఏసిన్రు. కొబ్బరినీళ్ళు కిడ్నీలను కడుగుతయంట."

"డాక్టర్ వద్దన్నడు మామా. గుండె ఆగుతదన్నడు."

"వద్దనే అంటడు. నీళ్ళు తాగి మంచిగైతే ఆని దుకాణమెట్ల నడుస్తది?" చిన్నాయన నా వైపు తిరిగాడు. "ఏంరా, నీ పేపరే గద ఇది. జెప్పు!"

ఆ ముక్కను నేను చదవనక్కర్లేదు. కింద పేరు లేదు కానీ రాసింది నేనే. ఒక ఎండాకాలం సాయంత్రం చివరి నిమిషంలో ప్రకటన ఒకటి రద్దయింది. పేజీలో మూడు కాలమ్‌ల ఖాళీ మిగిలింది. పాత పేపర్ల ఫైలు ముందు పెట్టుకుని టీ చల్లారేలోగా నింపేశాను. ఎండలకు కొబ్బరినీళ్ళు, చలికి నువ్వులు, వానలకు అల్లం. ఏళ్ళ తరబడి అలాగే నింపాను. ఏ డాక్టరునూ అడగలేదు. 'కిడ్నీలను కడుగుతాయి' అన్నది పాత ఫైలులో కూడా లేదు. చెవికి బాగుందని నేనే కలిపాను. ఎవరు తాగకూడదో రాయడానికి చోటు లేదు. ఉన్నా రాసేవాణ్ణి కాదు.

వదిన నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. "అది అందరికీ కాదు చిన్నాయనా," అని నసిగాను. రాసింది నేనేనని చెప్పలేదు. ఇంట్లో పేపరాయన అంటే ఒక మర్యాద ఉంది. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

చిన్నాయన ఆ రోజు మా ఇంట్లోనే ఉండిపోయాడు. మర్నాడు పొద్దున నేను డ్యూటీకి, వదిన రేషన్ బియ్యానికి పోయాం. ఆయన రెండు బోండాలు కొట్టి ఇచ్చాడు. నెలల దాహంతో ఉన్న అన్న రెండూ తాగేశాడు. మధ్యాహ్నానికి కాళ్ళు లేవలేదు, నాడి మందగించింది. వదిన ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తింది. వెంటనే డయాలసిస్ పెట్టడంతో ఆ పూట బతికాడు. మళ్ళీ ఎవరినీ వదిన సంచితో గేటు దాటనివ్వలేదు. అలా ఐదు నెలలు కాపాడుకుంది. చివరికి డయాలసిస్ సూది గుచ్చే చోట చీముపట్టి, అది ఒళ్ళంతా పాకి అన్న పోయాడు. కొబ్బరినీళ్ళకు ఆ చావుతో సంబంధం లేదు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే అతనికేదో ఆశ మిగిలిపోయిందంటారు. అన్నం, మటన్, కల్లు పెట్టాం. చిన్నాయన తెచ్చిన బోండాం కూడా కొట్టి పెట్టాం. ఎండ ఎక్కింది. కాకి రాలేదు.

"ఎట్లొస్తది?" అన్నాడు చిన్నాయన. "గుక్కెడు కొబ్బరినీళ్ళకు మొకం వాచి పోయిండు. తాగనిచ్చిందా ఈమె? తప్పైందని మొక్కమను, అప్పుడొస్తది."

ఆడవాళ్ళు అవునవునన్నారు. నేను అప్పుడు నోరు తెరిచాను.

"వదిన తప్పేం లేదు. నువ్వు తెచ్చిన పేపర్ ముక్క నేను రాసిందే చిన్నాయనా. తెల్వక రాసిన. అది తప్పు."

ఆయన నవ్వాడు. "గంత మంచిగ రాసి, ఇయ్యాల వదిన కోసం మాట తిప్పుతున్నవా? అచ్చైనంక తప్పెట్లయితదిరా?"

ఇంకెవరూ నా మాట పట్టించుకోలేదు. వదిన ఒక్కతే నా వైపు తల తిప్పింది. బోండాం కొట్టిచ్చిన చిన్నాయనను కూడా ఆమె ఎన్నడూ అలా చూడలేదు.

"గా దినం ఎందుకు చెప్పకపోతివి తమ్మీ?"

ఆమె విస్తరి ముందుకు పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు జోడించి, అందరికీ వినిపించేలా "తప్పైంది" అంది.

ఇక పదండని అందరూ చెట్ల కిందికి నడిచారు. మనుషులు దూరం జరిగాక కాకి దిగింది. మటన్ ముక్క ఒకటి ఎత్తుకుపోయింది.

"సూసిన్రా?" అన్నాడు చిన్నాయన. "గా నీళ్ళదే ఆశుండె పోరనికి."

బోండాం నీళ్ళను కాకి ముట్టలేదని నేను చూశాను. వదినా చూసింది. మిగిలినవాళ్ళు అప్పటికే భోజనాలకు కూర్చుంటున్నారు.