ఇసావో జీన్స్‌కి రెండంగుళాలు తక్కువ

సతోయెకి మొగుడి మీద కోపం వస్తే అది ఎప్పుడూ స్నానాల తొట్టి దగ్గరే మొదలయ్యేది. ఈసారి మాత్రం తొట్టి జోలికి ఎవరూ వెళ్లలేదు. అసలు కొంప ముంచింది అదే.

జీన్స్‌కి పేరుపడ్డ కొజిమా ఊరి సందుల్లో అంచులు కుట్టేవాళ్లు ఒకప్పుడు ఇరవై మంది ఉండేవారు. ఇప్పుడు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. సతోయె అందులో బొటనవేలు. వయసు అరవై ఒకటి. ముప్పై ఒక్క ఏళ్లుగా చేసేది ఒకటే పని: కొత్త జీన్స్ కాలు పొడవు కొలిచి, కత్తిరించి, కింద గొలుసుకుట్టు వేస్తుంది. ఆ కుట్టు వేసిన అంచు నాలుగు ఉతుకులు పడేసరికి తాడు పేనినట్టు మెలితిరుగుతుంది. ఆ మెలిక కోసం ఒసాకా నుంచి రైలెక్కి వచ్చే కుర్రాళ్లున్నారు.

ఆమెకి ఒకే ఒక్క నియమం. నీళ్లు చూడని గుడ్డకి కత్తెర పెట్టదు. మగ్గం మీంచి దిగిన పచ్చి గుడ్డ గంజితో రేకులా నిలబడుతుంది. మరిగే వేడినీళ్లు తగిలాయా, ముడుచుకుపోతుంది. కాబట్టి ముందు వేడినీళ్లలో నలభై నిమిషాలు నానాలి, నీడలో ఆరాలి, ఆ తర్వాతే కొలత. అది కూడా మనిషి ఏ బూట్లయితే తొడుక్కుంటాడో ఆ బూట్లతో నిలబడాలి. నానకముందు పొడవెంత, నానాక ఎంత, రెండూ చీటీ మీద రాసి నడుముకి గుచ్చుతుంది. చీటీ లేని జీన్స్ మిషను ఎక్కదు.

"రెండేళ్లు ఉతక్కూడదంట కదండీ, రంగు బాగా తేలాలంటే?" అని కుర్రాళ్లు అడుగుతారు.

"చెమటకి దారం కుళ్లి, కూర్చున్నచోట టప్‌మని చిరిగితే అక్కడ కూడా బాగా తేలుతుంది నాయనా. ఉతుక్కురా పో."

ఇంత కచ్చితమైన మనిషికి దేవుడు ఇసావోని ఇచ్చాడు.

ఇసావో నేతగాడు. ఊరి చివర షెడ్డులో, దారం మోసుకుంటూ అటూ ఇటూ నాడె పరిగెత్తే పాతకాలం మగ్గాల మీద నలభై ఏళ్లు నీలిగుడ్డ నేశాడు. ఆ మగ్గాల మోతలో మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. కొత్త జీన్స్ నానబెట్టడంలో ఆయనది పాత పద్ధతి. జీన్స్ ఒంటి మీద ఉండగానే వేడినీళ్ల తొట్టిలో కూర్చుంటాడు. ఒంటికి అతికినట్టు ముడుచుకుంటుందని వాదన. సబ్బూ రుద్దుడూ అన్నీ బయటే కానిచ్చి, ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్లలో కూర్చునే తొట్టి అది. నాలుగేళ్ల కిందట ఇసావో అలా కూర్చుని లేచిపోయాక, తెలియక వాళ్లమ్మ హమాకో దిగింది. చూపు సరిగా ఆనని ముసలమ్మ. బయటికొచ్చేసరికి మోకాళ్ల దాకా నీలం. రక్తం ఆగిపోయిందనుకుని పక్కింటావిడ ఆంబులెన్సుకి ఫోన్ చేసింది కూడా. ఆ రోజు సతోయె చెప్పేసింది: నీ నీలిగుడ్డ ఈ తొట్టిలో మళ్లీ కనిపిస్తే ఆ తొట్టితో సహా నువ్వు కూడా వీధిలో ఉంటావ్ అని.

పోయిన శరదృతువులో షెడ్డు మూసేస్తున్నారని తెలిసింది. యజమాని పోయాడు, పిల్లలకి మగ్గాలు అక్కర్లేదు. ఆఖరి తానులో మిగిలిన కొసని ముగ్గురు నేతగాళ్లూ తలా ఒక జీన్స్‌కి సరిపడా పంచుకుని, అంచులు తప్ప మిగతాది కుట్టించుకున్నారు. ఆదివారం ఒంటిగంటకి ఆ జీన్స్ వేసుకుని మగ్గాల ముందు నిలబడి ఫోటో తీయించుకోవాలి. సోమవారం మగ్గాల్ని ఊడదీస్తారు.

ఇసావో ఏదీ అడిగే మనిషి కాదు. కానీ ఆ రోజు అన్నం తింటూ అన్నాడు. "ఈ గుడ్డ ఇంక రాదే. నేను నేసింది నేను వేసుకోవడం ఇదే ఆఖరు. అంచు నువ్వే కుట్టాలి."

"ఇన్నాళ్లూ పక్కవీధిలో కుట్టించుకున్నావా ఏంటి?" అంది సతోయె.

గురువారం పొద్దున పెరట్లో తీగ మీద వంటకని ఆక్టోపస్‌లు ఆరుతున్నాయి. వాటి పక్కనే ఇసావో జీన్స్ కూడా ఆరుతోంది. సతోయె వేళ్లతో నలిపి చూసింది. గంజి పోయింది. గుడ్డ మెత్తబడింది. కింద మట్టి మీద నీలం చారలు. కొట్లో నలభై జీన్స్‌లు కుప్పగా పడి ఉన్నాయి, శుక్రవారానికి పంపాలి. ఇంటి మనిషికి చీటీ ఏమిటిలే అనుకుంది. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి చీటీ లేకుండా కత్తెర పట్టింది.

ఇసావో బూట్లు తొడుక్కుని చెక్కపెట్టె ఎక్కాడు. ఇరవై రెండేళ్ల బూట్లవి, మూడుసార్లు అడుగులు మార్చినవి. సతోయె నాలుగంగుళాలు కత్తిరించింది. గొలుసుకుట్టు వేసింది. అంచు బూటు మీద ఒక్క మడత పడి ఆగింది, అచ్చం ఎక్కడ ఆగాలో అక్కడ. ఇసావో అద్దంలో అటు తిరిగాడు, ఇటు తిరిగాడు.

"బానే ఉంది," అన్నాడు.

పెళ్లయి ముప్పై అయిదేళ్లలో ఆయన నోటి నుంచి ఆ మాట రావడం ఇది మూడోసారో నాలుగోసారో. సతోయె ఆ రోజంతా మిషను మీద పాటలు పాడింది.

ఆదివారం ఎనిమిదింటికి ఆమె టిఫిన్ సర్దుతుంటే ఇసావో జీన్సూ బూట్లూ తొడుక్కుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమయ్యా, ప్యాంటు పైకి లాక్కున్నావేంటి? ఆక్టోపస్‌లు పట్టడానికి పోతున్నావా?"

"లాక్కోలేదు."

"సరే, కిందికి లాగు మరి."

"ఇదే కింద."

సతోయె చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. అంచు బూటు మీద లేదు. బూటు పైన లేసులు, లేసుల పైన మేజోడు, మేజోడు పైన గాలి. రెండంగుళాలు. టేపు అక్కర్లేదు, ఆమె కళ్లే టేపు.

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదే..."

"ఇసావో."

పేరు పెట్టి పిలిచిందంటే పని అయిపోయినట్టే. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. నిన్న సాయంత్రం ఆమె మూటలు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు బూట్లకి నూనె పెట్టాడట. ముందు బ్రష్షుతో దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక వేలికొసతో చిటికెడు నూనె పుయ్యాలి. అది ఇసావోకి తెలుసు. తెలిసినా, ఆఖరి రోజు కదా, తోలు నిగనిగలాడాలని డబ్బా ఒళ్లో పెట్టుకుని చేత్తో తీసి పట్టించాడు. అదీ కొత్త జీన్స్ ఒంటి మీద ఉండగానే. మోకాలి మడత ఇప్పటినుంచే పడాలట! డబ్బా జారింది. తొడ మీద అరచెయ్యంత నూనె మరక. సతోయె వచ్చేలోపు పోగొట్టాలని గిన్నెల సబ్బు వేసి, వేడివేడి నీళ్లలో మొత్తం ముంచేశాడు. రాత్రంతా ఫ్యాను కింద ఆరేశాడు.

"అయితే మాత్రం? ఒకసారి వేడినీళ్లు చూశాక మళ్లీ రెండంగుళాలు ఎందుకు ముడుచుకుంటుంది? మొన్న నానబెట్టావు కదా!"

"పెట్టాను."

"ఎక్కడ?"

"షెడ్డు వెనక. బకెట్లో."

"వేడినీళ్లేనా?"

ఇసావో బూటు లేసు వైపు చూశాడు.

"ఏమయ్యా, నలభై ఏళ్లు నేశావు! చన్నీళ్లకి గంజి మాత్రమే పోతుంది, గుడ్డ ముడుచుకోదని నీకు తెలీదా?"

"తెలుసే! తొట్టి ముట్టుకోవద్దన్నది ఎవరు?"

"తొట్టి వద్దన్నాను. వేడినీళ్లు కాచుకోవద్దన్నానా?"

"షెడ్డులో గ్యాసు తీసేశారు. ఇంట్లో కాస్తే నువ్వు చూస్తావు. చూస్తే మొదలుపెడతావు. కొంచెమైనా ముడుచుకుంటుందిలే, కుట్టాక అంత తేడా రాదులే అనుకున్నా."

"కుట్టేటప్పుడు చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగలేదు. అందర్నీ అడుగుతావుగా."

ఆ మాట నిజం. అదే సతోయెకి ఇంకా మంట. లోపల గదిలోంచి హమాకో గొంతు వినిపించింది. "అమ్మాయ్, మళ్లీ తొట్టిలో కూర్చున్నాడా వీడు? నేను ఇవాళ దిగను బాబూ."

"లేదత్తయ్యా. కూర్చుని ఉంటే బాగుండేది."

"ఆఁ?"

"ఏం లేదు. మీరు టీ తాగండి."

కొట్లో ఒక రేకు డబ్బా ఉంది. కత్తిరించిన ముక్కల్ని సతోయె ఏడాది దాకా పారెయ్యదు. ఇసావోవి పైనే ఉన్నాయి, నాలుగంగుళాల గొట్టాలు రెండు. వాటినీ వేడినీళ్లలో వెయ్యకుండా కలిపితే, తర్వాత అవి విడిగా ముడుచుకుని కాలి చుట్టూ కుచ్చులు పడతాయి. టైము తొమ్మిది కావస్తోంది. ఆమె పొయ్యి మీద ఉడాన్ నూడుల్స్ ఉడికించే పెద్ద గిన్నె పెట్టింది. నాలుగేళ్లుగా నీలిరంగుని ఇంట్లోకి రానివ్వని మనిషి, తిండి వండే గిన్నెలో ఆ ముక్కల్ని తనే ముంచి చాప్‌స్టిక్స్‌తో తిప్పింది.

"ఆ గిన్నె..." అన్నాడు ఇసావో.

"నోరు మూసుకో. ప్యాంటు విప్పి ఇలా పడేయ్."

ముక్కల్ని తువ్వాల్లో పిండి, ఇస్త్రీ పెట్టె పెట్టి ఆరబెట్టింది. తర్వాత గొలుసుకుట్టు విప్పాలి. ఆ కుట్టు గుణమే అంత, సరైన కొస దొరికితే ఒక్క లాగుకి సర్రున ఊడొస్తుంది. గురువారం పాటలు పాడుతూ వేసిన కుట్టు రెండు క్షణాల్లో నేలమీద దారమై పడింది. ముక్కల్ని కాళ్లకి కలిపిన చోట గుడ్డ నాలుగు మడతలు. ఒక సూది విరిగింది. ఇంకొకటి విరిగింది. మూడోదానికి మైనం రాసి, చక్రం చేత్తో తిప్పుకుంటూ పొడిచింది. పన్నెండున్నరకి అయింది.

ఇసావో తొడుక్కున్నాడు. పొడవు సరిగ్గా వచ్చింది. కానీ సరిగ్గా బూటు పైఅంచు దగ్గర, రెండు కాళ్లకీ చుట్టూ అతుకు. కట్టు కట్టిన కాళ్లలా ఉన్నాయి. ఎడమ కాలి అతుకు ఒక నూలుపోగంత వంకర కూడా.

"బానే..." అని మొదలుపెట్టాడు ఇసావో.

"ఆ మాట అన్నావంటే చంపేస్తా. నడు."

ఫోటోలో మిగతా ఇద్దరి అంచులూ బూట్ల మీద ఒద్దికగా మడతపడి ఉన్నాయి. ఇసావో మాత్రం కుడికాలు ముందుకి పెట్టి, ఎడమకాలిని దాని వెనక దాచాడు. ఎవరూ అలా నిలబడమని చెప్పలేదు. ఫోటో చట్రం కట్టించి తెస్తే సతోయె కొట్లో తగిలించనివ్వలేదు. హమాకో గదిలో, ఆవిడకి కనిపించని గోడ మీద ఉంది అది.

ఇప్పుడు ఆరు నెలలైంది. షెడ్డు లేదు కాబట్టి ఇసావోకి పగలంతా వేరే పనేం లేదు, కొట్లో పెట్టె మీద కూర్చుంటాడు. రోజూ అదే జీన్స్, అవే బూట్లు. బూటు పైఅంచు రాసుకునీ రాసుకునీ అతుకు ఉబ్బు తెల్లగా తేలింది, మిగతా అంతా ముదురు నీలం. మొన్న ఒసాకా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు వంగి మరీ చూశారు.

"పెద్దాయనా, ఇది అదిరింది! ఎవరు చేశారు? అమ్మగారూ, మాకూ ఇలాగే కావాలి, కాలికి అడ్డంగా."

"కుదరదు."

"ఎంతైనా ఇస్తామండీ!"

"దానికి ముందు ఒక భయస్తుడైన మొగుడు కావాలి, తర్వాత ఒక నోరుగల పెళ్లాం కావాలి. మీకింకా పెళ్లే కాలేదు. చీటీ ఏదీ? నానకముందు పొడవెంత?"

కుర్రాళ్లు నవ్వుతూ వెళ్లారు. ఇసావో పెట్టె మీద కాలు మీద కాలు వేసుకున్నాడు. ఎడమకాలు పైకొచ్చింది. ఆ వంకర సరిగ్గా ఆమె కళ్ల ఎదురుగా. నిమిషం ఓర్చుకుంది, రెండు నిమిషాలు ఓర్చుకుంది. కొస పట్టుకుని లాగితే సర్రున ఊడొస్తుంది, పావుగంటలో తిన్నగా వేసెయ్యొచ్చు.

"ఒక్కసారి విప్పి ఇవ్వవయ్యా, ఆ ఎడమకాలు..."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాడు ఇసావో, మగ్గాలు నడుస్తున్నట్టే అరిచి.

సతోయె మిషను మీదికి వంగింది. అయినా కన్ను అటే పోతోంది.